నిఘా మీద నిఘా

ముందే చెప్పేస్తున్నాను, ఇది చర్చి గురించి కాదు. ఫ్రాంక్ చర్చ్ అనే మనిషి గురించి. చర్చ్ అనేది ఆయన ఇంటిపేరు. అమెరికాలో 24 ఏళ్ళు సెనేటర్‌గా చేశాడు. మనం పుట్టడానికి ఇరవై ఏళ్ళ ముందే పోయాడు.

ఆయన నాకెలా తగిలాడో చెప్తాను. పోయిన సెమిస్టర్ నెట్‌వర్క్స్ ల్యాబ్‌లో వైర్‌షార్క్ పెట్టి ప్యాకెట్లు పట్టుకోవడం చేశాం. ఏ మెషీన్ నుంచి ఏ సైట్‌కి రిక్వెస్ట్ వెళ్తోందో స్క్రీన్ మీద వరసగా కనిపిస్తుంటే మొదటి పది నిమిషాలు భలే సరదాగా ఉంది. అప్పుడు పక్క సిస్టమ్ వాడు అడిగాడు, మనం చూస్తున్నట్టే మనల్ని ఎవరైనా చూస్తుంటే వాళ్ళని ఎవరు చూస్తారు అని. ఎవరూ జవాబు చెప్పలేదు. రికార్డులో అవుట్‌పుట్ అంటించి, సంతకం పెట్టించుకుని వచ్చేశాం. తర్వాత నేను ఆ ప్రశ్న పట్టుకుని వెతికితే ఏ దారిలో వెళ్ళినా 1975 దగ్గరికే చేరాను. ప్రతి చోటా ఈయనే ఉన్నాడు.

ఆ పనిని ఇంగ్లీషులో ఓవర్‌సైట్ అంటారు. ఆ మాటకి రెండు అర్థాలు. ఒకటి, పైనుంచి కనిపెట్టుకుని ఉండటం. రెండోది, పొరపాటున చూడకుండా వదిలేయడం. తెలుగులో పర్యవేక్షణ అని రాయొచ్చు గానీ అదేదో హాస్టల్ వార్డెన్ పనిలా అనిపిస్తుంది. నేను నిఘా మీద నిఘా అనే అంటాను.

చర్చ్ 1924 జులై 25న ఐడహో రాష్ట్రంలోని బాయిసీలో పుట్టాడు. కొండలు, నదులు, బంగాళాదుంపలు ఎక్కువ, జనం తక్కువ ఉండే రాష్ట్రం. ఇంట్లో వాళ్ళు రిపబ్లికన్లు. తండ్రికి రూజ్‌వెల్ట్ అంటే అస్సలు పడేది కాదు. ఆయనతో వాదన పెట్టుకోవడానికని అవతలి పక్షం సంగతులు చదివీ చదివీ కొడుకు చివరికి డెమోక్రాట్ అయిపోయాడు. అదే రాష్ట్రం నుంచి సెనేట్‌కి వెళ్ళి పేరు తెచ్చుకున్న విలియం బోరా ఆ కుర్రాడి హీరో. 1941లో, ఇంకా హైస్కూల్లో ఉండగానే, అమెరికన్ లీజియన్ వాళ్ళు దేశం మొత్తానికి పెట్టిన వక్తృత్వ పోటీలో మొదటి బహుమతి కొట్టాడు. ఆ స్కాలర్‌షిప్పుతోనే స్టాన్‌ఫర్డ్‌లో చేరాడు. మాట్లాడటం ఆయనకి మొదటి నుంచీ వచ్చు. ఆ మాటల్లో కొంచెం ఉపన్యాసం ధోరణి ఉంటుందని పెద్దయ్యాక కూడా వెక్కిరించేవాళ్ళు. వినడానికి దొరికిన రికార్డింగులు విన్నాను, ఆ వెక్కిరింతలో అబద్ధమేం లేదు.

రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో చేరి చైనా-బర్మా-ఇండియా రంగంలో పనిచేశాడు. ఏం పని అనుకున్నారు? మిలిటరీ ఇంటెలిజెన్స్ ఆఫీసర్. ఇది గుర్తు పెట్టుకోండి. తర్వాత ఆయన్ని తిట్టినవాళ్ళు, గూఢచారి పని అంటే ఏంటో తెలియని మెతక మనిషి అన్నట్టు మాట్లాడారు. సమాచారం తెలియకపోతే యుద్ధంలో ఏమవుతుందో ఇరవై ఏళ్ళప్పుడే ఆయన దగ్గరుండి చూశాడు.

యుద్ధం అయ్యాక 1947లో బెథైన్ క్లార్క్‌ని పెళ్ళి చేసుకున్నాడు. ఆవిడ ఐడహో మాజీ గవర్నర్ కూతురు, రాజకీయాల్లోనే పెరిగింది. కొత్త కాపురం, లా చదువు. ఒక ఏడాది హార్వర్డ్‌లో చదివాడు. నడుం నొప్పి తగ్గట్లేదు. అక్కడి చలి వల్ల అనుకుని స్టాన్‌ఫర్డ్‌కి మారిపోయాడు. చలి కాదు, కేన్సర్. వృషణాల్లో. ఆపరేషన్ చేశారు. ఇంకో కొన్ని నెలలే అన్నారు. అప్పటికి వాళ్ళకి పసిబిడ్డ. తర్వాత ఇంకో డాక్టరు మళ్ళీ పరీక్షించి, ఇది అనుకున్నంత ప్రాణాంతకమైన రకం కాదని తేల్చాడు. వారాల తరబడి రేడియేషన్ పెట్టారు. బతికాడు. జీవితమే ఇంత గాల్లో దీపం అయినప్పుడు పెద్ద పెద్ద సాహసాలు చేయకుండా బతకడంలో అర్థం లేదని ఆయన తర్వాత చెప్పుకునేవాడు. మామూలుగా ఇలాంటివి చదివితే మోటివేషన్ రీల్ అనుకుని స్వైప్ చేసేస్తాను. ఈయన విషయంలో మాత్రం తర్వాత కథ చూస్తే ఆ మాట నిజమే అనిపించింది.

1956లో సెనేట్‌కి నిలబడ్డాడు. సొంత పార్టీ ప్రైమరీలో రెండొందల ఓట్లకి అటూ ఇటూగా గట్టెక్కి, అసలు ఎన్నికల్లో బాగానే గెలిచాడు. వయసు 32. సెనేట్‌లో ఆయన్ని చూసి పనివాడు అనుకున్నవాళ్ళు కూడా ఉన్నారట. అడవుల చట్టం, నదుల చట్టం, ఇలా చాలా ఉన్నాయి, అవన్నీ ఇక్కడ రాయను. ఒక్కటి మాత్రం చెప్పాలి. 1964లో వియత్నాం యుద్ధానికి తలుపు తీసిన తీర్మానానికి ఆయన కూడా ఓటేశాడు. సెనేట్‌లో ఇద్దరు తప్ప అందరూ వేశారు. తర్వాత తప్పు తెలుసుకుని యుద్ధానికి ఎదురు తిరిగాడు. 1970లో కంబోడియాలో అమెరికా సైన్యానికి డబ్బు ఆపేయమని ఇంకో సెనేటర్‌తో కలిసి సవరణ తెచ్చాడు. ప్రభుత్వానికి నచ్చని సెనేటర్ల లిస్టు అంటూ ఒకటి ఉంటే అందులో చేరిపోయాడన్నమాట. లిస్టు అనే మాట ఊరికే వాడలేదు, దాని దగ్గరికి వస్తాను.

1974 డిసెంబరు 22న న్యూయార్క్ టైమ్స్‌లో సేమర్ హెర్ష్ రాసిన వార్త వచ్చింది. సీఐఏ అంటే విదేశాల మీద పనిచేయాల్సిన సంస్థ, సొంత దేశంలో పోలీసు పని చేయకూడదని దాన్ని పెట్టిన 1947 చట్టంలోనే ఉంది. ఆ సంస్థ యుద్ధాన్ని వ్యతిరేకించే సొంత పౌరుల మీద నిఘా పెట్టి ఫైళ్ళు తయారుచేసిందని ఆ వార్త.

ఇక్కడి నుంచి కథ నెమ్మదిగా చెప్పాలి. నిఘా సంస్థల మీద చట్టం తెస్తామంటే అవి ఏం చేస్తాయి? వద్దు అని అరుస్తాయనుకున్నాను. అలా ఎప్పుడో గానీ జరగలేదు.

మొదట జరిగింది ఏంటంటే, వార్త వచ్చిన రెండు వారాలకే అధ్యక్షుడు ఫోర్డ్ తన ఉపాధ్యక్షుడు రాక్‌ఫెల్లర్ నాయకత్వంలో సొంత కమిషన్ వేసేశాడు. ఎవరో వచ్చి మన ఇల్లు సోదా చేసేలోపు మనమే సోదా చేసుకుని, ఇదిగో దొరికినవి ఇవే అని చూపించడం. సెనేట్ ఒప్పుకోలేదు. 1975 జనవరి 27న 82-4 ఓట్లతో ప్రత్యేక కమిటీ వేసింది. 11 మంది సభ్యులు, ఆరుగురు డెమోక్రాట్లు, ఐదుగురు రిపబ్లికన్లు. అధ్యక్ష పదవి ముందు ఫిలిప్ హార్ట్ అనే సెనేటర్‌ని తీసుకోమన్నారు. ఆయన ఆరోగ్యం బాగోక వద్దన్నాడు. చర్చ్ అడిగి మరీ తీసుకున్నాడు.

చర్చ్‌కి అప్పటికే దేశాధ్యక్షుడు కావాలని ఉంది. దాన్ని దాచను. టీవీ కెమెరాలంటే కూడా ఇష్టమే. సంస్థలు మొదటి నుంచీ చెప్పిన మాట కూడా ఇదే, ఇదంతా ఎన్నికల డ్రామా అని. కానీ ఆశ ఉన్న మనిషి చేసిన పని తప్పు పని అయిపోతుందా? నాకు అలా అనిపించదు. ప్లేస్‌మెంట్ కోసం చేసిన ప్రాజెక్టు కూడా సరిగ్గా రన్ అవ్వొచ్చు.

ఫైళ్ళు అడిగారు. ఇవ్వం అనలేదు. వారాల తరబడి ఆలస్యంగా వచ్చాయి, సగం లైన్లు నల్లగా కొట్టేసి వచ్చాయి. కొన్ని కాగితాలు వాళ్ళ ఆఫీసుకే వచ్చి చదువుకోమన్నారు. ఏ ఫైలు అడగాలో తెలిస్తేనే ఆ ఫైలు దొరుకుతుంది, అది ఉందని తెలియకపోతే ఎవరూ చెప్పరు. సీఐఏ డైరెక్టర్ విలియం కోల్బీ మాత్రం వేరే రకం. ఆయన పాత గూఢచారి. అయినా చట్టసభ అడిగితే చెప్పాల్సిందే, చెప్పకపోతే సంస్థే బతకదు అని నమ్మాడు. కొంచెం ఎక్కువే చెప్పాడని కిసింజర్ లాంటి వాళ్ళకి కోపం. 1975 నవంబరు మొదట్లో కోల్బీ ఉద్యోగం పోయింది. ఆయన స్థానంలో జార్జ్ బుష్‌ని ఎంపిక చేశారు, తర్వాత దేశాధ్యక్షుడైన పెద్ద బుష్. సమాచారం ఇచ్చిన అధికారికి ఏమవుతుందో మిగతా అధికారులందరూ చూశారు.

అంతకుముందు సెప్టెంబరు 16న బహిరంగ విచారణలో చర్చ్ ఒక తుపాకీ పట్టుకుని చూపించాడు. దాదాపు చప్పుడు లేకుండా విషపు సూదిని వదిలే తుపాకీ. జీవాయుధాలన్నీ నాశనం చేయమని నిక్సన్ ఆదేశించినా సీఐఏ ఒక ప్రయోగశాలలో దాదాపు 11 గ్రాముల నత్తగుల్లల విషాన్ని దాచుకుంది. వేలమందిని చంపగల పరిమాణం. ఆ ఫోటో ప్రపంచమంతా వెళ్ళింది. ఇప్పటికీ చర్చ్ పేరు కొడితే మొదట వచ్చేది అదే. ఆ తుపాకీ వల్ల లాభం కన్నా నష్టమే ఎక్కువ జరిగిందని నా అనుమానం. చూసినవాళ్ళకి తుపాకీ గుర్తుండిపోయింది, అసలు విషయం మరుగున పడింది.

అసలు విషయం బోరింగ్‌గా, మన సబ్జెక్టులా ఉంటుంది. టెలిగ్రాములు. (మనం సినిమాలు డౌన్‌లోడ్ చేసుకునే యాప్ కాదు, తంతి.) 1945 నుంచి అమెరికాలోని మూడు పెద్ద టెలిగ్రామ్ కంపెనీలు దేశం లోపలికి వచ్చే, బయటికి వెళ్ళే తంతుల కాపీలు ప్రభుత్వానికి ఇస్తూ వచ్చాయి. వారెంటు లేదు, కోర్టు లేదు. మొదట్లో కాగితాలు, టేపులు. 1960ల్లో కంపెనీలు కంప్యూటర్లకి మారాక మాగ్నెటిక్ టేపులు. ఒక మనిషి వెళ్ళి టేపు తెచ్చేవాడు, కాపీ చేసుకుని తిరిగిచ్చేసేవాళ్ళు. కంప్యూటర్లో పేర్ల లిస్టు ఎక్కించి ఆ పేరున్న తంతిని వేరు చేసేవాళ్ళు. అంటే కీవర్డ్ సెర్చ్. చివరి రోజుల్లో నెలకి దాదాపు 1,50,000 తంతులు మనుషుల కళ్ళ ముందుకి వెళ్ళేవి. ఈ పనికి షామ్‌రాక్ అని పేరు. నడిపింది ఎన్‌ఎస్‌ఏ. అలాంటి సంస్థ ఒకటుందని అప్పట్లో మామూలు జనానికి తెలియనే తెలియదు. కమిటీ వెంటపడ్డాక 1975 మేలో ఆపేశారు.

ఆ విషయం బయటపెట్టొద్దని పైనుంచి గట్టిగా ఒత్తిడి వచ్చింది. విచారణ వాయిదా వేయించారు. కమిటీలోనే టవర్, గోల్డ్‌వాటర్ అనే ఇద్దరు రిపబ్లికన్లు కాదన్నారు. చివరికి అక్టోబరు 29న ఎన్‌ఎస్‌ఏ డైరెక్టర్ లూ అలెన్ బహిరంగ విచారణకి వచ్చాడు. ఆ సంస్థ పుట్టాక అలా రావడం అదే మొదటిసారి. నవంబరు 6న చర్చ్ షామ్‌రాక్ వివరాలు తనే చదివి వినిపించేశాడు.

ఉత్తరాల కథ ఇంకా విచిత్రం. 1953 నుంచి 1973 వరకు న్యూయార్క్‌లో సీఐఏ రష్యా వెళ్ళే, అక్కడి నుంచి వచ్చే ఉత్తరాలు 2,15,000కి పైగా విప్పి, ఫోటో తీసి, మళ్ళీ అంటించేసింది. విప్పినవాటిలో నిక్సన్‌కి సంబంధించినది ఉంది. చర్చ్ తన అత్తగారికి రాసిన ఉత్తరమూ ఉంది. అల్లుడు అత్తగారికి ఏం రాస్తాడు? బాగున్నాం, మీరు బాగున్నారా. దాన్ని కూడా ఆవిరి పట్టి విప్పారు.

నవంబరు 20న కమిటీ ఇంకో బాంబు పేల్చింది. క్యాస్ట్రో, లుముంబా లాంటి విదేశీ నాయకులని చంపడానికి వేసిన పథకాల మీద రిపోర్టు. ప్రచురించొద్దని ఫోర్డ్ స్వయంగా ఉత్తరం రాశాడు. కొన్ని పేర్లు తీసేయమని కోల్బీ అడిగాడు. సెనేట్ తలుపులు మూసుకుని చర్చించింది, ఓటింగ్ పెట్టకుండానే లేచింది. కమిటీ రిపోర్టు బయటికి వదిలేసింది. ఇక్కడ చర్చ్ తప్పు ఒకటి రాయాలి. కొన్ని నెలల ముందు ఆయన సీఐఏని మావటి మాట వినని మదపుటేనుగుతో పోల్చాడు. తన కమిటీ తవ్వే కొద్దీ తేలిందేంటంటే, చాలాసార్లు ఏనుగు మావటి చెప్పినట్టే నడిచింది. అధ్యక్షులే ఆ పనులు కోరుకున్నారు, సంతకం మాత్రం ఎక్కడా కనిపించకుండా చూసుకున్నారు. ఆ పోలిక ఆయన్ని చాలాకాలం వదల్లేదు.

అప్పటిదాకా పైచేయి కమిటీది. డిసెంబరు 23 రాత్రి అంతా మారిపోయింది.

ఆ రోజు ఏథెన్స్‌లో సీఐఏ స్టేషన్ అధిపతి రిచర్డ్ వెల్చ్‌ని ఆయన ఇంటి ముందే కాల్చి చంపేశారు. క్రిస్మస్‌కి రెండు రోజుల ముందు. ఆయన పేరు అంతకు ముందే ఒక అమెరికన్ పత్రికలో, నవంబరులో ఏథెన్స్ పేపర్లో వచ్చింది. ఆ ఇంట్లో ఉండేది ఎప్పుడూ సీఐఏ వాళ్ళే అని ఊళ్ళో చాలామందికి తెలుసు. చర్చ్ కమిటీకి ఆయన పేరు తెలియదు, రహస్య ఏజెంట్ల పేర్లు వాళ్ళు అడగనేలేదు. అయినా వేలు కమిటీ వైపు తిరిగింది. మీరు రహస్యాలు బయటపెట్టబట్టే మనుషులు చస్తున్నారు అని. ఆర్లింగ్టన్ శ్మశానంలో అంత్యక్రియలకి అధ్యక్షుడే వచ్చాడు. నిజం చెప్పాలంటే ఈ భాగం చదివేటప్పుడు నాకు రెండు వైపులా బాధేసింది. ఒక మనిషి నిజంగా చనిపోయాడు, ఆయనకి కుటుంబం ఉంది. ఆ చావుని తీసుకెళ్ళి దానితో సంబంధం లేని ఒక వాదనకి సాక్ష్యంగా పెట్టారు. దానికి జవాబు చెప్పబోతే శవం దగ్గర రాజకీయం చేస్తున్నట్టు ఉంటుంది. చెప్పకపోతే ఒప్పుకున్నట్టు ఉంటుంది. చర్చ్ ఏం చేసినా ఓడిపోయేవాడే.

ఐదు వారాలకి, 1976 జనవరి 29న, ప్రతినిధుల సభ తను వేసుకున్న ఇలాంటి కమిటీ రిపోర్టునే బయటికి రానివ్వకుండా 246-124తో ఆపేసింది. ఫిబ్రవరి 18న ఫోర్డ్ ఒక ఉత్తర్వు ఇచ్చాడు. రాజకీయ హత్యలు నిషేధం, కొత్త పర్యవేక్షణ బోర్డు, అన్నీ ఉన్నాయి. చూడటానికి చాలా బాగుంది. కానీ ఉత్తర్వు అంటే అధ్యక్షుడు రాసింది, ఇంకో అధ్యక్షుడు కొట్టేయగలిగింది. చట్టం రాకముందే చట్టంలా కనిపించే ఒకటి తెచ్చిపెడితే, ఇంక చట్టం ఎందుకు అని అడగొచ్చు.

(మన దగ్గర ఆ ఉత్తర్వు దశ కూడా పూర్తిగా దాటలేదు. రా 1968లో ప్రభుత్వ ఉత్తర్వుతో పుట్టింది, పార్లమెంటు చట్టంతో కాదు. 2011లో ఎంపీ మనీశ్ తివారీ నిఘా సంస్థల మీద ప్రైవేటు బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు. ఫోన్ వినడానికి ఇక్కడ అనుమతి ఇచ్చేది హోం కార్యదర్శి, జడ్జి కాదు.)

ఏప్రిల్‌లో చర్చ్ కమిటీ తుది రిపోర్టు వచ్చింది. దాదాపు 800 మందిని ప్రశ్నించి, లక్షకు పైగా పేజీలు తిరగేసి రాసింది. పౌరుల హక్కుల మీద ఒక్క సంపుటంలోనే 96 సిఫార్సులున్నాయి. మే 19న సెనేట్ 72-22తో శాశ్వత ఇంటెలిజెన్స్ కమిటీ పెట్టింది. ఇదొక్కటే ఆయన జీవితంలో పూర్తిగా గెలిచిన పని అని నాకనిపిస్తుంది. అధ్యక్ష పోటీలోకి మాత్రం ఆలస్యంగా, మార్చి 18న దిగాడు. నెబ్రాస్కా, ఐడహో, ఆరెగన్, మోంటానా గెలిచాడు. అప్పటికే కార్టర్ బండి చాలా దూరం వెళ్ళిపోయింది.

రెండేళ్ళకి, 1978 అక్టోబరు 25న, కార్టర్ ఫైసా చట్టం మీద సంతకం పెట్టాడు. అది చర్చ్ రాసిన బిల్లు కాదు గానీ, ఆయన కమిటీ తవ్విన గోతిలోంచే వచ్చింది. విదేశీ గూఢచర్యం పేరుతో దేశంలో ఎవరి ఫోన్ వినాలన్నా ఒక రహస్య కోర్టు దగ్గర వారెంటు తీసుకోవాలి. ఫోర్డ్ కాలంలో ఈ ఆలోచన మొదలైనప్పుడు బుష్, రమ్స్‌ఫెల్డ్, కిసింజర్ ఇష్టపడలేదు. అటార్నీ జనరల్ లెవీ పట్టుబట్టాడు. ఆ తర్వాత సంస్థలు కాదనడం మానేసి బల్ల దగ్గర కూర్చున్నాయి. ఫలితం నిర్వచనాల్లో కనిపిస్తుంది. నేను ఆ సెక్షన్ కూర్చుని చదివాను, నెస్టెడ్ ఇఫ్‌లు చదివినట్టే ఉంది. తీగ మీద వెళ్ళే సంభాషణ అయితే ఒక రూలు, రేడియో మీద వెళ్ళేది అయితే ఇంకో రూలు. రేడియో అయితే, మాట్లాడేవాళ్ళందరూ అమెరికాలోనే ఉన్నప్పుడో, లేక అక్కడున్న ఫలానా అమెరికన్‌నే గురిపెట్టినప్పుడో మాత్రమే వారెంటు. అప్పట్లో దేశాల మధ్య కాల్స్ చాలావరకు శాటిలైట్ మీద, అంటే రేడియో మీద వెళ్ళేవి. అవి మొత్తంగా గాల్లోంచి పట్టుకోవడానికి కోర్టు అక్కర్లేదు. చట్టానికి 95-1తో ఓటేసిన సెనేటర్లలో ఎంతమంది ఆ ఎల్స్ బ్రాంచ్ గమనించారో మరి.

1988లో అట్లాంటిక్ కింద మొదటి ఫైబర్ కేబుల్ పడింది. కాల్స్ మెల్లగా తీగ మీదకి వచ్చేశాయి. అప్పుడు అదే సంస్థలు, చట్టం పాతబడిపోయింది, టెక్నాలజీ మారింది, సడలించండి అన్నాయి. సడలించిన రోజు కూడా వచ్చింది, 2008లో. అంతకు ముందు ఏళ్ళ తరబడి ఆ కోర్టు వైపు చూడకుండానే విన్నారని 2005లో పేపర్లో వచ్చాక. ఇక ఆ కోర్టు, ఫోన్లు వింటామని వచ్చిన వేల దరఖాస్తుల్లో మొదటి ఇరవై ఏళ్ళూ ఒక్కటి కూడా తిరస్కరించలేదు.

ఫైసా తర్వాత పెద్ద చట్టం ఒకటి రావాలి. సంస్థలన్నిటికీ ఏం చేయొచ్చు, ఏం చేయకూడదు అని రాసి పెట్టే చట్టం. చర్చ్ కమిటీ అడిగింది ఇదే. 1978లో సెనేటర్ హడిల్‌స్టన్ 260 పేజీలు దాటిన ముసాయిదా పెట్టాడు. సంస్థలు వ్యతిరేకించలేదు, చర్చించాయి. ఇక్కడ ఈ మాట మార్చండి, అక్కడ ఈ మినహాయింపు ఇవ్వండి, వివరాలు ఎక్కువైతే పనిచేయలేం. నెలలు గడిచాయి. 1979 నవంబరులో టెహ్రాన్‌లో అమెరికా ఎంబసీ వాళ్ళని బందీలు చేశారు, డిసెంబరులో సోవియట్ సైన్యం ఆఫ్ఘనిస్తాన్‌లో దిగింది. 1980 జనవరిలో, ఒకప్పుడు సంస్కరణ మాట్లాడిన కార్టరే, నిఘా సంస్థల మీద అనవసరమైన కట్లు తీసేయాలన్నాడు. ఆ పెద్ద చట్టంలో మిగిలింది రెండు మూడు పేజీలు. రహస్య చర్యల గురించి ముందు ఎనిమిది కమిటీలకి చెప్పాల్సి ఉండేది, ఇకపై రెండింటికి చెబితే చాలు. మన ప్రాజెక్ట్ అబ్‌స్ట్రాక్ట్‌లో రాసినదానికి, ఫైనల్ డెమోలో చూపించినదానికి ఉండే తేడా కన్నా ఇది పెద్దదే.

అదే రోజుల్లో చర్చ్ తన కాలు తనే విరగ్గొట్టుకున్నాడు. 1979 ఆగస్టు చివర్లో, క్యూబాలో సోవియట్ సైనిక బ్రిగేడ్ ఉందని విదేశాంగ శాఖ ఉన్నతాధికారి ఒకరు ఫోన్ చేసి చెప్పాడు. ఐడహోలో ఎన్నికలు దగ్గర పడుతున్నాయి. పనామా కాలువ ఒప్పందాలని సమర్థించినందుకు జనం అప్పటికే కోపంగా ఉన్నారు. చర్చ్ ప్రెస్‌ని పిలిచి ఆ విషయం తనే ప్రకటించేశాడు. గోల గోల అయింది. తర్వాత తేలింది, ఆ సైనికులు 1962 నుంచీ అక్కడే ఉన్నారు. ఆయుధాల ఒప్పందం ఒకటి ఆ గోలలో బాగా దెబ్బతింది, ఆయన జీవితమంతా కోరుకున్నది అలాంటి ఒప్పందాలనే. నిఘా సంస్థల సమాచారాన్ని అంత అనుమానంగా చూసిన మనిషి, తనకి అవసరమైన పూట సగం సమాచారం పట్టుకుని పరిగెత్తాడు. దీన్ని దాచి ఆయన జీవితం రాయడం నాకు నచ్చలేదు.

1980 నవంబరులో 4,262 ఓట్లతో ఓడిపోయాడు. ఎవరైనా సరే, చర్చ్ తప్ప అనే ప్రచారం ఊరూరా నడిచింది. దేశాన్ని బలహీనపరిచాడు అన్నారు. మళ్ళీ పోటీ చేయలేదు, లాయరు పనిలోకి వెళ్ళాడు. 1984 జనవరిలో కడుపులో కణితి అని తేలింది. ఈసారి మళ్ళీ పరీక్షించి కాదు అని చెప్పే రెండో డాక్టరు లేడు. చనిపోవడానికి నెల రోజుల ముందు, ఐడహోలో 20 లక్షల ఎకరాలు దాటిన అడవికి ఆయన పేరు పెట్టారు. దాని లోపల పారే నదికి తిరిగిరాని నది అని పేరు. ఏప్రిల్ 7న, 59 ఏళ్ళకి పోయాడు.

ఇప్పుడు ఆ లిస్టు సంగతి. 1967 నుంచి 1973 వరకు ఎన్‌ఎస్‌ఏ మినారెట్ అనే పేరుతో ఇంకో పని నడిపింది. యుద్ధాన్ని వ్యతిరేకించేవాళ్ళు, పౌరహక్కుల వాళ్ళు, ఇలా అనుమానితుల పేర్లు రాసుకుని వాళ్ళ విదేశీ ఫోన్లు, తంతులు పట్టుకోవడం. ఈ లిస్టు ఉందని 1975లోనే చర్చ్ కమిటీ బయటపెట్టింది, అందులోని పేర్లు మాత్రం రాలేదు. పేర్లు వచ్చింది 2013 సెప్టెంబరులో, ఎన్‌ఎస్‌ఏ తన సొంత చరిత్ర పుస్తకంలో నల్లగా కొట్టేసిన లైన్లు విప్పినప్పుడు. మార్టిన్ లూథర్ కింగ్ ఉన్నాడు. మహమ్మద్ అలీ ఉన్నాడు. కమిటీలో రిపబ్లికన్ సభ్యుడు హోవర్డ్ బేకర్ ఉన్నాడు. ఫ్రాంక్ చర్చ్ ఉన్నాడు.

అప్పటికి బెథైన్ ఇంకా బతికే ఉంది, బాయిసీలోనే, 90 ఏళ్ళ వయసులో. ఆ డిసెంబరులో ఆవిడ కూడా పోయింది.